కొబ్బరి చిప్పలో చెంచాడు నీళ్ళు చాలు
డెంగీ దోమ పుట్టేది మురుగు కాలువలో కాదు, మన పెరట్లోనే - వారానికి ఒక్క గంట శ్రమపడితే జ్వరాలకు అడ్డుకట్ట

అమలాపురం: తొలకరి పడి కాలువలకు నీళ్ళు వదిలారంటే కోనసీమ రైతుకు ఊపిరి సలపదు. ఆకుమళ్ళు పోసుకోవడం, ఊడ్పులకు కూలీలను కుదుర్చుకోవడం, ఎరువుల కోసం తిరగడం - ఊరంతా హడావుడిగా ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంట్లో ఒకరు ఒళ్ళు నొప్పులని మంచం ఎక్కుతారు. పది రోజులు గడిచేసరికి పక్కింట్లో మరొకరు. నెల తిరిగేసరికి వీధిలో ఇంటికొకరు జ్వరంతో మూలుగుతూ ఉంటారు.

అప్పుడు మొదలవుతుంది గొడవ. డ్రైను తీయించలేదని పంచాయతీ మీద, మురుగంతా మా గుమ్మంలోకి వదిలారని పక్కవారి మీద, పొగమందు కొట్టలేదని ఆరోగ్య సిబ్బంది మీద జనం విరుచుకుపడతారు. మురుగు తీయించాలన్న మాట న్యాయమైనదే. అయితే ఆ గొడవ జరుగుతున్న అరుగు పక్కనే కొబ్బరి చిప్పల పోగు ఉంటుంది. చిప్పల్లో వాన నీళ్ళు నిలిచి ఉంటాయి. వంగి చూస్తే నూలు ముక్కల్లాంటి తోకపురుగులు వంకరలు తిరుగుతూ కనిపిస్తాయి. డెంగీ జ్వరాన్ని తెచ్చే దోమ పుట్టేది అక్కడే.

ఈ ఒక్క సంగతి ఊరందరికీ తెలిసి, అందరూ ఆచరిస్తే సగం పని అయినట్లే.

ఏ దోమ ఎక్కడిది?

మన కంటికి అన్నీ దోమలే. కానీ వాటిలో జాతులు వేరు, పుట్టే చోటు వేరు, కుట్టే వేళ వేరు, తెచ్చే జబ్బు వేరు.

మలేరియా తెచ్చేది అనాఫిలిస్ దోమ. వాగుల పక్కన, బావుల్లో, పొలాల్లో నిలిచే శుభ్రమైన నీటిలో పెరుగుతుంది. చీకటి పడ్డాక కుడుతుంది. బోదకాలు తెచ్చేది క్యూలెక్స్ దోమ. మురుగు గుంటల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పెరుగుతుంది. ఇది కూడా రాత్రిపూటే కుడుతుంది. క్యూలెక్స్ జాతిలోనే వరిచేలలో పెరిగే మరికొన్ని దోమలు పందుల నుంచి మెదడువాపు వ్యాధిని మనుషులకు చేరవేస్తాయి. అందుకే పందుల దొడ్లు ఇళ్ళకు దూరంగా ఉండాలంటారు.

ఇక మూడోది ఏడిస్. నల్లటి ఒంటి మీద, కాళ్ళ మీద తెల్లటి చారలుంటాయి. ఆ చారల వల్లే దీన్ని పులిదోమ అని కూడా అంటారు. డెంగీ, చికున్‌గన్యా రెండింటినీ మోసుకొచ్చేది ఇదే. దీనికి మురుగు గిట్టదు. వాన నీరు, కుళాయి నీరు, బావి నీరు వంటి మంచినీరే కావాలి. పైగా ఇది పగటి దోమ. పొద్దున్న కొన్ని గంటలు, సాయంత్రం దీపాలు పెట్టే ముందు ఎక్కువగా కుడుతుంది. రాత్రి దోమతెర కట్టుకుని పడుకున్నాం కదా అని ధీమాగా ఉండే వారిని పట్టపగలు వచ్చి కుట్టిపోతుంది.

మలేరియా క్రిమి దోమ ఒంట్లో పెరుగుతుందన్న సంగతి ప్రపంచానికి తెలిసింది మన తెలుగు నేల మీదనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ పొట్టను కోసి, సూక్ష్మదర్శినిలో ఆ క్రిమిని చూశాడు. మలేరియా మీద చేసిన కృషికి 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటించేది అందుకే. ఆ సంగతి తెలిసి నూటపాతికేళ్ళు దాటింది. తెలిసినదాన్ని ఆచరించడంలోనే వెనుకబడి ఉన్నాం.

ఏడు రోజుల లెక్క

ఆడదోమ మాత్రమే రక్తం తాగుతుంది. కడుపులో గుడ్లు పెరగడానికి దానికి రక్తం కావాలి. రక్తం తాగిన రెండు మూడు రోజులకు నీళ్ళున్న పాత్ర వెతుక్కుని, నీటిమట్టానికి కాస్త పైన, తడిగా ఉన్న అంచుకు గుడ్లు అంటిస్తుంది. ఒక్క విడతకు వంద దాకా పెడుతుంది. నీరు తగిలిన గుడ్డు ఒకటి రెండు రోజుల్లో పగిలి తోకపురుగు బయటికి వస్తుంది. నాలుగైదు రోజులు నీటిలో పెరుగుతుంది. ఆ తర్వాత రెండు రోజులు మేత లేకుండా గూడు కట్టినట్లు ఉండి, రెక్కలు వచ్చి ఎగిరిపోతుంది. మన వాతావరణంలో ఇదంతా ఏడు నుంచి పది రోజుల్లో ముగుస్తుంది.

అంటే ఎగిరేలోగా, ఏడు రోజులకు ఒకసారి ఆ నీళ్ళు పారబోస్తే దోమ పుట్టదు. వారానికొక రోజు ఇంట్లోని నీటి పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టమని ఆరోగ్య శాఖ చెప్పేది ఈ లెక్క ప్రకారమే. మన రాష్ట్రంలో శుక్రవారాన్ని 'డ్రైడే'గా పాటించమంటున్నారు. శుక్రవారం కుదరకపోతే మరో రోజు పెట్టుకోవచ్చు. వారం దాటకూడదు, అంతే.

ఇక్కడొక మెలిక ఉంది. గుడ్లు పాత్ర అంచుకు అంటుకుని ఉంటాయి కనుక నీళ్ళు పారబోసినంత మాత్రాన పోవు. ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతికి ఉంటాయి. మళ్ళీ నీళ్ళు తగలగానే పగులుతాయి. వేసవిలో ఎండిన గాబులో తొలకరి నీళ్ళు పడిన వారానికే దోమలు ఎందుకు లేస్తాయో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు. అందుచేత పాత్ర లోపలి గోడలను కొబ్బరి పీచుతో గట్టిగా రుద్ది కడగాలి. పీచుకు కోనసీమలో కొదవేముంది?

2006 నేర్పిన పాఠం

చికున్‌గన్యా అన్న పేరు 2005 చివరి దాకా మన పల్లెల్లో ఎవరూ విని ఉండరు. ఆ ఏడాది ఆఖరులో మొదలై, 2006లో దేశాన్ని కుదిపేసింది. ఆ ఒక్క ఏడాదిలోనే దేశం మొత్తం మీద 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదయ్యాయి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బాగా దెబ్బతిన్న రాష్ట్రాల్లో ఒకటి.

ఆ జ్వరం వచ్చిన వారికి దాని గురించి చెప్పనక్కరలేదు. జ్వరం నాలుగు రోజుల్లో తగ్గినా కీళ్ళ నొప్పులు నెలల తరబడి వదలలేదు. పొద్దున్నే లేచి పిడికిలి బిగించలేక, చెంబు ఎత్తలేక, నేల మీద కూర్చుంటే లేవలేక అవస్థ పడిన వాళ్ళు ఎందరో. రెక్కాడితేగాని డొక్కాడని కూలీకి రెండు నెలలు పని పోతే ఆ ఇంటి గతి ఏమిటి? ఊడ్పుల రోజుల్లో ఒక్క జ్వరం వస్తే పోయేది మందుల ఖర్చు ఒక్కటే కాదు. కూలి పోతుంది, అదును పోతుంది. ఆసుపత్రి బిల్లుకు చేసిన అప్పు ఏడాదంతా వెంటాడుతుంది.

మన ఇంట్లో ఎక్కడ?

దోమలు పెరిగే చోట్లు వెతకడానికి ఎవరూ రానక్కరలేదు. ఇంటి చుట్టూ ఒక్కసారి తిరిగి చూస్తే చాలు.

కోనసీమలో మొదట చూడవలసింది కొబ్బరి చిప్పలు, తాగి పారేసిన బొండాలు. ఒక్కో చిప్పలో పట్టేది నాలుగు చెంచాల నీళ్ళే కావచ్చు. దోమకు అది చెరువుతో సమానం. ఇంటి వాడకానికి కొట్టిన చిప్పలను బోర్లించి ఉంచాలి, లేదా పొయ్యిలోకి వాడుకోవాలి. తాగిన బొండాన్ని నాలుగు ముక్కలుగా నరికి పడేయాలి. కురిడీ, ఎండుకొబ్బరి వ్యాపారం చేసేవారి దొడ్లలో చిప్పలు గుట్టలుగా ఉంటాయి. వానాకాలంలో వాటిని పాకలోకి చేర్చాలి, లేదంటే పైన టార్పాలిన్ కప్పి, ఆ టార్పాలిన్ మడతల్లో నీళ్ళు నిలవకుండా వాలుగా కట్టాలి.

తర్వాత నీళ్ళ గాబులు, తొట్లు, డ్రమ్ములు. కుళాయి ఎప్పుడు వస్తుందో తెలియక నిల్వ పెట్టుకోక తప్పదు. నిల్వ పెట్టడం తప్పు కాదు, మూత లేకుండా పెట్టడం తప్పు. చెక్క మూత లేకపోతే పాత పంచె రెండు మడతలు వేసి, అంచు చుట్టూ తాడుతో బిగించి కట్టినా సరిపోతుంది. మేడ మీద ట్యాంకు మూత గాలికి లేచిపోయిందేమో ఎక్కి చూడాలి.

పశువుల కుడితి తొట్టిని, నీళ్ళ తొట్టిని వారానికోసారి ఖాళీ చేసి రుద్దాలి. వాడని రోలును బోర్లించలేం కనుక అందులో ఇసుక పోసి ఉంచాలి. కోళ్ళకు నీళ్ళు పెట్టే మూకుడు, పూలకుండీ కింద పళ్ళెం, ఫ్రిజ్ వెనుక నీళ్ళు పడే ట్రే, వేసవి వెళ్ళాక మూలన పెట్టిన కూలరు, పగిలిన ప్లాస్టిక్ బకెట్టు - ఇవన్నీ దోమల పురుటి గదులే. పాత టైరు మరీ ప్రమాదం. దాని లోపల చేరిన నీరు ఎటు తిప్పినా పూర్తిగా పోదు. పడేయలేనివారు కింది భాగంలో రెండు చోట్ల చిల్లులు పెట్టాలి.

సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం సంగతి చాలామందికి తట్టదు. లోపల పుట్టిన క్యూలెక్స్ దోమలు ఆ గొట్టం గుండానే వేలకు వేలు బయటికి వస్తాయి. గొట్టం మూతికి సన్నటి వల గాని, పలుచటి గుడ్డ గాని కట్టి తాడు బిగిస్తే చాలు. ఖర్చు అయిదు పది రూపాయలకు మించదు.

ఒక్క ఇల్లు మానితే...

"మేమైతే శుభ్రంగానే ఉంచుకుంటాం, పక్కవాళ్ళు వింటేగా!" అన్నది ప్రతి ఊళ్ళో వినిపించే మాట. అది నిజమే. ఏడిస్ దోమ ఎక్కువ దూరం ఎగరదు. సాధారణంగా పుట్టిన చోటికి వంద, రెండు వందల గజాల లోపలే తిరుగుతుంది. అంటే మిమ్మల్ని కుట్టిన దోమ మీ ఇంట్లో గాని, మీ ఇరుగుపొరుగున గాని పుట్టి ఉంటుంది. ఇరవై ఇళ్ళ వీధిలో పందొమ్మిది ఇళ్ళవారు నీళ్ళు పారబోసి ఒక్కరు మానితే, ఆ ఒక్క పెరటి దోమలు మిగతా పందొమ్మిది ఇళ్ళకూ వస్తాయి. తాళం వేసిన ఇల్లు, ఖాళీ స్థలం, సగంలో ఆగిన కట్టుబడి ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ.

అందుకే ఈ పని ఇంటింటా విడివిడిగా కాక వీధి వీధిగా జరగాలి. ఒక వీధివారు ఒకే రోజు, ఒకే గంట పెట్టుకుని అందరూ తమ పెరళ్ళు చూసుకోవాలి. ముసలివాళ్ళు ఒంటరిగా ఉన్న ఇంటికి పక్కింటి కుర్రాళ్ళు వెళ్ళి గాబు కడిగి రావాలి. బడి పిల్లలకు అప్పజెబితే ఇంకా మంచిది. తోకపురుగులు ఎక్కడున్నాయో పెద్దవాళ్ళ కన్నా వాళ్ళే ముందు పసిగడతారు. డ్వాక్రా సంఘాల సమావేశంలో ఈ మాట ఒకసారి అనుకుంటే ఊరంతా చేరడానికి ఎంతో కాలం పట్టదు.

పంచాయతీ చేయవలసిన పనులు పంచాయతీ చేయాలి. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం మురుగు కాలువలు, పారిశుద్ధ్యం గ్రామ పంచాయతీ బాధ్యతే. డ్రైన్లలో పూడిక తీయించడం, తీసిన మట్టిని గట్టు మీదే వదలక ఎత్తించడం, రోడ్డు పక్క గుంటలు పూడ్పించడం, ఖాళీ స్థలాల యజమానులకు నోటీసులివ్వడం వంటివి గ్రామసభలో అడిగి చేయించుకోవాలి. పూడ్చడానికి వీలులేని మురుగు గుంటల్లో వాడేసిన ఇంజన్ ఆయిల్‌లో ముంచిన రంపపు పొట్టు ఉండలు వేస్తే నీటి మీద నూనె పొర పరచుకుని తోకపురుగులకు ఊపిరాడదు. చేపల చెరువుల్లో, పంట బోదెల్లో మాత్రం వీటిని వేయరాదు.

మెరక ప్రాంతాల్లో వాడకం నీటికి ఇంకుడు గుంత తవ్వమంటారు. కోనసీమలో, అందునా లంక గ్రామాల్లో, రెండు అడుగులు తవ్వితే నీరు ఊరుతుంది కనుక ఇంకుడు గుంతే మురుగు గుంటగా మారవచ్చు. అలాంటి చోట స్నానాల నీటిని, అంట్లు తోమిన నీటిని చిన్న బోదె తీసి అరటి, కొబ్బరి పాదులకు మళ్ళించడం మేలు. ఒకే పాదులో రోజుల తరబడి నిలవకుండా వంతులవారీగా మారుస్తూ ఉండాలి. గోదావరి వరద తీసిన తర్వాత లంకల్లో గుంటల నీరు, గోడల పక్క చెత్త తొలగించడం మొదటి వారంలోనే జరగాలి. ఏడు రోజుల లెక్క అక్కడా వర్తిస్తుంది.

పొగమందుతో తీరదు

జ్వరాలు రాగానే అందరూ అడిగేది పొగమందు. బండి వచ్చి పొగ కొట్టి వెళితే ఏదో జరిగిందన్న తృప్తి కలుగుతుంది. ఆ పొగకు చచ్చేది ఆ వేళకు గాలిలో ఎగురుతున్న దోమ మాత్రమే. చిప్పలో ఉన్న గుడ్డుకు, గాబులో ఉన్న పురుగుకు అది తగలదు. మూడు నాలుగు రోజుల్లో కొత్త దోమలు మళ్ళీ లేస్తాయి. జ్వరాలు ముమ్మరంగా ఉన్నప్పుడు పొగ కొట్టడం అవసరమే. అయితే అదే రోజు ఇంటింటా నీళ్ళు పారబోయకపోతే ఆ ఖర్చు వృథా.

ఖాళీ చేయలేని నిల్వ నీటిలో ఆరోగ్య సిబ్బంది టెమిఫాస్ మందు వేస్తారు. తగిన పాళ్ళలో వేసినందువల్ల నీళ్ళు చెడిపోవు, పురుగులు చస్తాయి. వాసన వస్తుందని వాళ్ళను గుమ్మంలోంచే పంపేయడం మంచిది కాదు. ఈ మందును ఎవరికి వారు తెచ్చి వేసుకోకూడదు.

వాడని బావుల్లో, నీళ్ళ కుండీల్లో గంబూసియా చేపలు వదిలితే రోజుకు వందకు పైగా పురుగులను తింటాయి. 1928లో మన దేశానికి తెచ్చిన చేప ఇది. సహజమైన చెరువుల్లో, కాలువల్లో మాత్రం వీటిని వదలకూడదు. మన చేపల గుడ్లను, పిల్లలను కూడా తినేస్తాయి. కాలువల్లో గుర్రపుడెక్క, అంతరతామర తీయించడం మరో ముఖ్యమైన పని. మాన్సోనియా అనే దోమ పురుగులు ఈ మొక్కల వేళ్ళకు గుచ్చుకుని, వాటి ద్వారానే గాలి పీలుస్తాయి. మొక్క తీసేస్తే పురుగుకు ఆధారం ఉండదు.

గూట్లో దాచిన మాత్రలు

గోదావరి డెల్టాకు బోదకాలు కొత్త కాదు. రాజమండ్రిలో ఫైలేరియా పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టారంటేనే ఈ జబ్బు ఇక్కడ ఎంతగా పాతుకుందో తెలుస్తుంది. ఒక దోమ కాటుతో వచ్చేది కాదిది. ఏళ్ళ తరబడి దోమలు కుడుతుంటే నూలుపోగులాంటి పురుగులు ఒంట్లో చేరి, ఎప్పటికో కాలు వాస్తుంది, మగవారికి బుడ్డ దిగుతుంది. పైకి ఆరోగ్యంగా కనిపించే మనిషి రక్తంలోనూ ఈ పురుగు పిల్లలు ఉండవచ్చు. అవి రాత్రిపూట రక్తంలోకి వస్తాయి కనుకనే ఆరోగ్య సిబ్బంది రాత్రివేళ వచ్చి వేలి నుంచి రక్తం తీస్తారు.

2004 నుంచి బోదకాలు ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి ఇంటింటికీ మాత్రలు పంచే కార్యక్రమం సాగింది. చాలా ఇళ్ళలో జరిగిందేమిటి? "అన్నం తిన్నాక వేసుకుంటాం" అని తీసుకుని గూట్లో పెట్టేశారు. జబ్బు లేనివాళ్ళకు మందెందుకన్నారు. జబ్బు బయటపడ్డాక వేస్తే వాచిన కాలు మామూలు కాదు. అందుకే ముందుగా వేసేది. ఇప్పటికీ మాత్రలిచ్చే గ్రామాల్లో అన్నం తిని, సిబ్బంది ఎదుటే మింగాలి. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి వేయరు. మింగాక కొందరికి కాస్త జ్వరం, తలనొప్పి రావచ్చు. ఒంట్లో పురుగులు చస్తున్నందుకు వచ్చే బాధ అది, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది.

ఇప్పటికే కాలు వాచినవారు రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడుచుకుని, కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకుంటే మాటిమాటికీ వచ్చే జ్వరాలు, పుళ్ళు తగ్గుతాయి. బుడ్డకు ఆపరేషన్ ఉంది. సిగ్గుపడి దాచుకోవలసిన పని లేదు.

జ్వరం వస్తే

జ్వరం వచ్చిన మొదటి రోజే ఆశా కార్యకర్తకు గాని, ఏఎన్ఎంకు గాని చెప్పాలి. రంపచోడవరం, చింతూరు మన్యం వైపు పనులకు, పెళ్ళిళ్ళకు వెళ్ళి వచ్చినవారు ఆ సంగతి తప్పక చెప్పి మలేరియాకు రక్త పరీక్ష చేయించుకోవాలి. మలేరియా అని తేలితే ఇచ్చిన మాత్రలన్నీ చివరి రోజు దాకా వాడాలి. ఒక రకం మలేరియాకు 14 రోజులు మందు వాడవలసి ఉంటుంది. జ్వరం తగ్గిందని మధ్యలో మానేస్తే క్రిమి కాలేయంలో దాగి మళ్ళీ తిరగబెడుతుంది.

డెంగీ అనుమానం ఉంటే జ్వరానికి పారాసెటమాల్ తప్ప మరే నొప్పి మాత్రా వేయకూడదు. ఆస్పిరిన్, బ్రూఫెన్ రకాలు రక్తస్రావాన్ని పెంచుతాయి. కొట్టులో అడిగి తెచ్చుకునే కలగలుపు మాత్రల్లో అవి ఉండవచ్చు. గంజి, మజ్జిగ, కొబ్బరి నీళ్ళు, ఉప్పు పంచదార కలిపిన నీళ్ళు తరచుగా తాగించాలి.

అందరూ గుర్తుంచుకోవలసింది మరొకటి ఉంది. డెంగీలో ప్రమాదం జ్వరం కాస్తున్నప్పటి కన్నా జ్వరం తగ్గుతున్న రోజుల్లోనే ఎక్కువ. మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా కనిపెట్టి ఉండాలి. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి గాని ముక్కు నుంచి గాని రక్తం, నల్లటి విరేచనం, కాళ్ళూ చేతులూ చల్లబడటం, మూత్రం తగ్గడం, మగతగా ఉండటం - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారే దాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. "జ్వరం తగ్గింది కదా, రేపు చూద్దాం" అన్న మాటే ప్రాణాల మీదికి తెస్తుంది. ప్లేట్‌లెట్లు కాస్త తగ్గాయని హడలిపోయి అప్పులు చేయనక్కరలేదు. ఎక్కించాలా వద్దా అన్నది రోగి స్థితిని చూసి డాక్టరు తేలుస్తారు.

జ్వరం వచ్చిన మనిషిని పగలూ రాత్రీ దోమతెరలో పడుకోబెట్టాలి. ఇది అతని కోసం కాదు, మిగతా అందరి కోసం. మొదటి అయిదారు రోజులు అతని రక్తం తాగిన దోమ, మరో పది రోజుల తర్వాత బతికినంత కాలం ఎవరిని కుడితే వారికి ఆ జ్వరం అంటిస్తుంది. పసిపిల్లల ఉయ్యాలకు పగలు కూడా తెర కట్టాలి. మందు పట్టించిన దోమతెరను తరచు ఉతకకూడదు, ఉతికినా నీడనే ఆరవేయాలి.

దోమ మీద గెలవడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఒక చేతిలో చీపురు, మరో చేతిలో కొబ్బరి పీచు ఉంటే చాలు. ఈ శుక్రవారం పొద్దున్న మీ పెరట్లో ఒక్కసారి తిరిగి, ఎన్ని చిప్పల్లో నీళ్ళున్నాయో లెక్కపెట్టండి. పారబోశాక పక్కింటివారిని కూడా పిలవండి. మళ్ళీ శుక్రవారం మరిచిపోకండి.